పుస్తకంలో రాయని మరమ్మతు

నేను రిటైరవడానికి మూడేళ్ల ముందు, అక్టోబరులో, కెనడా థాంక్స్‌గివింగ్ సెలవు మర్నాడు మంగళవారం ఉదయం తొమ్మిదింటికి గ్వెల్ఫ్‌లోని ఒక లూథరన్ చర్చిలో హాజరు కావాలని నాకు వర్క్ ఆర్డరు వచ్చింది. పని: పైప్ ఆర్గన్‌కు సాలీనా శ్రుతి. గడువు: ఒక రోజు. రిమార్కుల గడిలో ఒక ముక్క ఉంది: "శనివారం ఆర్గనిస్టు వీడ్కోలు కచేరీ. జాగ్రత్త." మా ఫోర్‌మన్ జిల్ రిమార్కులు రాసే మనిషి కాడు. అంతకుముందు ఒకే ఒక్కసారి రాశాడు, అదీ ఒక చర్చి అటక మీద రకూన్ అనే అడవి జంతువు కాపురం ఉన్నప్పుడు.

మా వర్క్‌షాపు మాంట్రియల్ దగ్గర ఒక చిన్న ఊళ్లో ఉండేది. ఆర్గన్లు అక్కడ తయారయ్యేవి. వాటిని ఏటా చూసుకోవడానికి ఊళ్ల మీద తిరిగేవాళ్లం కొందరం ఉండేవాళ్లం. ఒంటారియో రూటు నాది. కంపెనీ వ్యాను ఒషావాలో మా ఇంటి ముందే ఉండేది. దాని మీద కంపెనీ పేరులో 'ఆర్గన్' అన్న మాట చూసి, అవయవ మార్పిడి చేసే ఆస్పత్రి వాళ్లేమో అనుకుని ఒక పొరుగాయన నాతో కొన్నాళ్లు చాలా మర్యాదగా ఉన్నాడు. నేనూ తొందరపడి సరిదిద్దలేదు.

తెలుగువాళ్ల ఇళ్లలో భోజనాల దగ్గర ప్రశ్న ఇంకోలా వచ్చేది.

"మీరేం చేస్తుంటారండీ?"

"చర్చిల్లో ఆర్గన్లు శ్రుతి చేస్తానండీ."

"అంటే... మీరు కన్వర్ట్ అయ్యారా?"

"లేదండీ, జీతం ఇస్తారు."

కాకినాడలో మెకానికల్ ఇంజనీరింగ్ చదివి, ఒషావాలో కార్ల విడిభాగాల ఫ్యాక్టరీలో చేరి, అది మూతపడ్డాక ఎయిర్ డక్టుల కంపెనీకి మారి, ఒక చర్చిలో ఆర్గన్‌కు గాలి ఊదే బ్లోయర్ బిగించడానికి వెళ్లాను. అక్కడ పని చేస్తున్న ఆర్గన్ మనిషి "ఈ మెట్టు కాసేపు నొక్కి పట్టుకుంటావా?" అని అడిగాడు. ఇరవై రెండేళ్లు పట్టుకున్నాను.

ఈ వృత్తి గురించి కొంచెం చెప్పాలి. పైప్ ఆర్గన్ అంటే హార్మోనియానికి పెద్దన్న లాంటిది. గాలి, తిత్తి, మెట్లు అన్నీ ఉంటాయి. కాకపోతే పలికేవి రేకులు కాదు, నిలబెట్టిన గొట్టాలు. చిన్నవి పెన్సిలంత ఉంటాయి, పెద్దవి ఒక అంతస్తు ఎత్తు. చేతుల మెట్లు కాక కాళ్ల కింద కూడా ఒక వరస ఉంటుంది. దాన్ని పెడల్ అంటారు. మంద్ర స్వరాలన్నీ ఆర్గనిస్టు పాదాలతోనే వాయిస్తాడు. అందుకు పల్చటి తోలు అడుగున్న బూట్లు వేరే ఉంటాయి.

శ్రుతి చేయడానికి ఇద్దరు కావాలి. ఒకరు మెట్ల దగ్గర కూర్చుని ఒక్కొక్క స్వరం నొక్కి పట్టుకోవాలి. రెండోవారు లోపల గొట్టాల మధ్య దూరి సరిచేయాలి. సరయ్యాక లోపలివాడు కేకేస్తే బయటివారు తర్వాతి మెట్టుకు వెళ్తారు. ఇక హోదాలు. మెట్టు పట్టుకునేవారు హెల్పర్. శ్రుతి చేసేవాడు ట్యూనర్, అంటే నేను. గొట్టాల కింద గాలిపెట్టెలు ఉంటాయి, వాటి అడుగు పలకలు విప్పే అధికారం ఫోర్‌మన్‌ది. ట్యూనర్ విప్పాలంటే ముందు ఫోను చేయాలి.

అన్నిటికన్నా ముఖ్యమైనది పుస్తకం. ప్రతి ఆర్గన్‌కూ ఒక నోట్‌బుక్ ఉంటుంది, మెట్ల పక్క సొరుగులో. ఏడాది పొడవునా కనిపించిన లోపాలు ఆర్గనిస్టు అందులో రాస్తాడు. మేం వచ్చి బాగుచేసి, ఏం చేశామో ఎదురుగా రాసి సంతకం పెడతాం. పుస్తకంలో లేని లోపం జోలికి పోకూడదు. పుస్తకంలో రాయకుండా ఏ పనీ చేయకూడదు. వృత్తి మొత్తంలో రాతపూర్వకమైన నియమాలు ఈ రెండే. ఆ మంగళవారం నేను రెండూ తప్పాను.

ఆర్గనిస్టు పేరు ఐనార్. నార్వే పశ్చిమ తీరాన ఒక చిన్న ఊరు ఆయనది. తండ్రి ఫెర్రీలో ఇంజను మెకానిక్. పద్నాలుగో ఏట ఊరి చర్చి ఆర్గనిస్టుకు జబ్బు చేస్తే ఈయన్ని ఒక్క ఆదివారానికని ఆర్గన్ ముందు బల్ల మీద కూర్చోబెట్టారట. భార్య మారిట్ పశువుల డాక్టరు. ఆవిడకు గ్వెల్ఫ్‌లో ఉద్యోగం వస్తే వెంట వచ్చి, ఈ చర్చిలో చేరి, ముప్పై ఒక్క ఏళ్లు చేశారు. ఆదివారం ప్రార్థన, గురువారం గాయక బృందం, మధ్యలో పెళ్లిళ్లు, అంత్యక్రియలు. మంగళవారం ఉదయం మటుకు ఆయన సొంతం. ఆ పూట పెన్సిలూ రబ్బరూ పట్టుకుని ఆర్గన్ దగ్గర కూర్చుని స్వరరచన చేసేవారు. రాబోయే ఆదివారం పాడబోయే కీర్తనకు ముందు వాయించే చిన్న రచన, ప్రతివారం కొత్తది. అవన్నీ గాయకుల గదిలో అట్టపెట్టెల్లో పేర్చి ఉండేవి. ఒకటి అచ్చయిందట. అందులో రెండు అచ్చుతప్పులు దొర్లాయట. ఆ తర్వాత అచ్చు మానేశారు.

మాట తక్కువ. ఆయన అత్యున్నత ప్రశంస "ఫర్వాలేదు". మా నాన్నగారిది కూడా అదే కాబట్టి నాకు అలవాటైన భాషే.

ఆ రోజు నాతో వచ్చిన హెల్పర్ రజిత. కరీంనగర్ మనిషి, నలభై దాటింది, ఇద్దరు పిల్లల తల్లి. టొరంటోలో ఐటీ ఉద్యోగం లేఆఫ్‌లో పోయాక మా కంపెనీలో వైరింగ్ పనికి చేరింది. కొత్త ఆర్గన్లకు కంప్యూటర్ బోర్డులు ఉంటాయి, వాటిని ఆమె చూసేది. పాతవాటి దగ్గర మెట్టు పట్టుకునేది. లోపలి నుంచి నేను "నెక్స్ట్" అనడం మానేసి "ఊఁ" అనేవాణ్ణి. రోజుకు వెయ్యిసార్లు అనాల్సిన మాట ఎంత చిన్నదైతే అంత మంచిది. తన మంగళవారం మేం లాక్కున్నందుకు గాయకుల గదిలో కూర్చున్న ఐనార్ గారికి కూడా ఆ ఊఁ అలవాటైంది. కాఫీ ఇంకొంచెం పొయ్యనా అని అడిగితే "ఊఁ" అనేవారు, సరైన దీర్ఘంతో.

ఇక లోపం. ఆ ఆర్గన్ పెడల్‌లో అట్టడుగు డి స్వరం ఆలస్యంగా పలికేది. అరక్షణం కన్నా తక్కువే, కానీ చెవికి తెలిసేది. మెట్టు నొక్కగానే మిగతావన్నీ పలుకుతాయి. డి మాత్రం ఎవరా అని చూసి, చెప్పులు వేసుకుని వచ్చి తలుపు తీసినట్టు పలికేది. తొమ్మిదేళ్లుగా నాకు తెలుసు. పుస్తకంలో ఏనాడూ లేదు, నేను ముట్టలేదు.

ఆ రోజు పని మూడింటికే అయిపోయింది. నాకేమనిపించిందంటే, రిటైరయ్యే మనిషికి చివరి కచేరీ, ఆ డి ఒక్కటి బాగుచేసి ఇస్తే మనవైపు నుంచి ఒక కానుకలా ఉంటుంది కదా అని.

"వద్దు సార్, బుక్కుల రాయలేదు గదా," అంది రజిత.

"పది నిమిషాల పని."

"జిల్‌కు ఫోన్ చేసిన్రా?"

"పది నిమిషాల పనికి పావుగంట ఫోనా?"

"ఐటీల గూడ గిట్లనే అంటరు సార్. శుక్రవారం సాయంత్రం చిన్న చేంజ్ అని. శనివారం మొత్తం కూసుంటరు."

పలక విప్పాను. ప్రతి పెడల్ స్వరానికీ గాలిపెట్టెలో అగ్గిపెట్టెంత తోలు తిత్తి ఉంటుంది. మెట్టు నొక్కితే అందులోని గాలి ఒక చిన్న రంధ్రం గుండా బయటికి పోయి, తిత్తి ముడుచుకుని, గొట్టానికి గాలి తలుపు తెరుస్తుంది. డి తిత్తి రంధ్రంలో ఒక జిగురు చుక్క గడ్డకట్టి ఉంది. ఆర్గన్ కట్టిన రోజే ఎవరి చేతి నుంచో జారిపడి ఉంటుంది. సన్నటి ఆకురాయితో గీరేశాను. రజిత నొక్కింది. డి ఠక్కున పలికింది. పలక బిగించాను. పుస్తకంలో రాయలేదు. రాస్తే జిల్ చూస్తాడు, చూస్తే ఎవర్నడిగి విప్పావంటాడు. కానుకకు రసీదు ఎందుకని నాకు నేనే చెప్పుకున్నాను.

గురువారం మధ్యాహ్నం ఐనార్ గారు ఫోను చేశారు. ఆయన ఫోను చేయడం అదే మొదలు. ముందు శ్రుతి బాగుందన్నారు. తర్వాత కాస్త ఆగి, డి విషయంలో ఏమైనా గమనించావా అని అడిగారు. నేను నీళ్లు నమిలేలోగా ఆయనే అన్నారు: "పుస్తకం చూశాను. డి గురించి ఏమీ లేదు. కాబట్టి ఆర్గన్ తప్పు కాదు. నా పాదం తొందరపడుతోంది. రెండు రోజులుగా ప్రతి కీర్తనలోనూ డి ముందే పడుతోంది. అరవై ఎనిమిదేళ్లు వచ్చాయి కదా, మొదట కాలే పోతుందని విన్నాను. శనివారం వేరేవాళ్లను వాయించమని పాస్టర్‌తో అందామనుకుంటున్నాను. రేపు సాయంత్రం చెప్పాలి."

గొంతులో ఫిర్యాదు లేదు. వాతావరణం చెప్పినట్టు చెప్పారు.

రేపు పొద్దున్నే వస్తాను, అంతవరకు పాస్టర్‌కు ఏమీ చెప్పొద్దన్నాను. ఎందుకో ఫోనులో చెప్పే ధైర్యం లేకపోయింది. శుక్రవారం పొద్దున వ్యానులో రజితకు మొత్తం చెప్పాను. టొరంటో దాటేదాకా ఆమె ఏమీ అనలేదు. దాటాక అంది:

"నేనేమన్న అన్ననా సార్?"

"అనలేదమ్మా."

"అననుగూడ. కాని మీరు గీరింది జిగురు కాదు సార్, ఆయన కాన్ఫిడెన్స్."

చర్చిలో ఐనార్ గారు, ఆయన భార్య మారిట్ ఇద్దరూ ఉన్నారు. నిలబడే చెప్పాను. మంగళవారం మూడింటికి ఫలానా పలక విప్పాను, ఫలానా రంధ్రం గీకాను, పుస్తకంలో రాయలేదు, మీ పాదానికి ఏమీ కాలేదు. ఆయన నా వైపు చూశారు. తర్వాత తన ఎడమకాలి వైపు చూశారు. పోట్లాడుకున్న మనుషులు రాజీపడ్డప్పుడు చూసుకునే చూపు అది.

"అంటే కాలు కాదు," అన్నారు.

"కాదు."

మారిట్ పెద్దగా నవ్వేసింది. నిన్న రాత్రి ఈయన నా చేత మోకాలు పరీక్ష చేయించుకున్నాడు, నేను గుర్రాలకు చేసే పరీక్షే చేశాను, పాసయ్యాడు కూడా అంది.

అప్పుడు అసలు సంగతి చెప్పారాయన. మొదటి ఏడాది జనవరిలోనే డి ఆలస్యం గమనించారట. పుస్తకంలో రాద్దామనుకున్నారు, కానీ ట్యూనర్ వచ్చేది అక్టోబరులో. అప్పటిదాకా ఆగలేక డి వచ్చినచోటల్లా పాదం రవ్వంత ముందు వేయడం అలవాటు చేసుకున్నారు. అక్టోబరు వచ్చేసరికి పాదం నేర్చేసుకుంది, ఇక రాయడం దేనికని ఊరుకున్నారు. ముప్పై ఏళ్లలో రాసిన అట్టపెట్టెల సంగీతమంతా ఆ పాదంతో రాసిందే. శనివారం కోసం రాసిన పదకొండు నిమిషాల కొత్త రచనలో అయితే ఆ ఆలస్యాన్నే పనిలో పెట్టుకున్నారు. చిన్నప్పటి ఫెర్రీ మీద రచన అది. ఈ ఒడ్డు నుంచి పడవ కూత వేస్తుంది, చేతులు వాయిస్తాయి. పాదం కూడా అప్పుడే పడుతుంది, కానీ డి ఆలస్యంగా పలుకుతుంది కాబట్టి, నీళ్ల అవతల కొండ నుంచి ప్రతిధ్వని కాస్త ఆగి వచ్చినట్టు ఉంటుంది. నా మరమ్మతు తర్వాత కొండ వచ్చి పడవలో కూర్చుంది.

ఒక్క రోజులో ముప్పై ఒక్క ఏళ్ల పాదాన్ని మార్చలేను, ఆ డి స్వరాన్ని మళ్లీ చెడగొట్టగలవా అని అడిగారు.

జిల్‌కు స్పీకర్‌లో ఫోను చేశాను. మొత్తం విన్నాడు.

"పుస్తకంలో రాశావా?"

"లేదు."

"అయితే నువ్వు చేసింది రిపేరు కాదు, దొంగతనం. ఆలస్యం ఎత్తుకుపోయావు."

ఫ్రెంచి యాసలో తిట్టు కూడా కొంత సంగీతంగానే ఉంటుంది. తిట్టాక పని చెప్పాడు. రంధ్రంలో సన్నటి మరమేకు, అంటే స్క్రూ, బిగించు, ముప్పావు వంతు మూసి, అక్కణ్ణుంచి పావు తిప్పు చొప్పున సరిచేసుకో. స్వరాన్ని చురుగ్గా పలికించడం ఏ అప్రెంటిసైనా చేస్తాడు, సరిగ్గా ఎంత లేటో అంత లేటు చేయడం నేనూ ఎప్పుడూ చేయలేదు, కొలత ఎక్కడ దొరుకుతుందో నువ్వే చూసుకో అన్నాడు.

కొలత దగ్గరే చిక్కు. రజిత ఫోనులో చర్చి పాత లైవ్‌స్ట్రీములు తెరిచింది. ధ్వని ఎప్పుడు వచ్చిందో మిల్లీసెకన్లలో చెప్పగలనంది. కానీ పాదం ఎప్పుడు పడిందో తెలిస్తే గదా తేడా తెలిసేది. కెమెరా ఆర్గనిస్టు వెనక ఎత్తులో ఉంది. ముప్పై వారాల వీడియోల్లో ఐనార్ గారి బట్టతల స్పష్టంగా కనిపించింది, పాదం ఒక్కసారీ కనిపించలేదు.

"డేటా లేదు సార్," అని ఫోను మూసేసింది. "ఉన్న ఒక్క సర్వరు ఆయన కాలే."

కాబట్టి కాలునే కొలబద్ద చేశాం. ఐనార్ గారు బూట్లు మార్చుకుని కూర్చున్నారు. నేను గాలిపెట్టె కింద వెల్లకిలా పడుకున్నాను. రజిత మధ్యలో నిలబడింది. ఆయన డి గురించి ఆలోచించకుండా మామూలు కీర్తన వాయించాలి, ఆలోచిస్తే పాదం అబద్ధం చెబుతుంది. అది రజిత షరతు. డి వచ్చినప్పుడల్లా ఆయన ముఖం చూసి ఆమె నాకు కేకేసేది.

"ఇంక ముందే సార్!"

పావు తిప్పు.

"ఇంక ముందే. కొంచెమే."

పావు తిప్పు. ఈసారి డి ఎంతకీ రాలేదు. కీర్తన తర్వాతి వరుసలోకి వెళ్లాక ఎక్కడో కింద నుంచి ఒక మూలుగు వచ్చింది. ముందు బెంచీలోంచి మారిట్ వృత్తిపరమైన అభిప్రాయం చెప్పింది: ఇది ఈనబోయే ఆవు, ఇంకో గంట పడుతుంది.

వెనక్కి అర్ధపావు. మళ్లీ ముందుకు వెంట్రుకవాసి. నా కళ్లలో ఆ ఆర్గన్ పుట్టినప్పటి దుమ్మంతా పడింది. పన్నెండున్నరకు కీర్తన ఒకసారి మొదలై, డి దాటి, ఇంకో డి కూడా దాటి, ఆగకుండా పోయింది. రజిత కేక లేదు. చివరి చరణం కూడా అయిపోయింది. పైనుంచి ఐనార్ గారి గొంతు వినిపించింది.

"ఊఁ."

తర్వాతి దానికి వెళ్లొచ్చని అర్థం. మర మీద ఒక జిగురు చుక్క వేసి పలక బిగించాను. ఈసారి చుక్క పడింది నా చేతి నుంచే, తెలిసే. పుస్తకం తెరిచి తేదీతో సహా అంతా రాశాను: మంగళవారం ఏం చేశాను, ఎవర్ని అడగలేదు, శుక్రవారం ఏం చేశాను, ఎవరు చెబితే చేశాను. పేజీన్నర అయింది. నా సర్వీసులో అంత పొడుగు ఎంట్రీ ఇంకొకటి లేదు.

శనివారం చర్చి నిండింది. రజిత భర్తనూ పిల్లల్నీ తీసుకొచ్చింది. "మమ్మీ, ఈజ్ దిస్ యువర్ ఆఫీస్?" అని చిన్నవాడు అడిగితే "బ్రాంచ్ ఆఫీస్" అంది. మేం ఆఖరి బెంచీలో, బ్లోయర్ గది పక్కన కూర్చున్నాం. అలవాటైన చోటు. ఫెర్రీ రచన చివర్లో ఉంది. చేతులు కూత వేశాయి. రెప్పపాటు చర్చి మొత్తం అయిపోయిందనుకుంది. అప్పుడు కింద నుంచి, అవతలి ఒడ్డు నుంచి, డి వచ్చింది. రజిత నా డొక్కలో మోచేత్తో ఒకటి పొడిచింది.

తర్వాత కాఫీ, కేకు దగ్గర ఐనార్ గారు నన్ను వెతుక్కుంటూ వచ్చి చేయి కలిపి, ఫర్వాలేదు అన్నారు. పుస్తకంలో నా పేజీన్నర కింద ఆయన ముప్పై ఒక్క ఏళ్లలో మొదటిసారి ఆ సంగతి రాశారు: "అడుగు డి ఆలస్యంగా పలుకుతుంది. బాగుచేయవద్దు."

ఇక్కడితో ఆపితే బాగుంటుంది గాని, జరిగింది చెప్పాలి. మరుసటి అక్టోబరులో వెళ్లేసరికి ఆ వాక్యం కింద కొత్త ఆర్గనిస్టు, వాంకూవర్ నుంచి వచ్చిన ఒక యువతి, గుండ్రటి అక్షరాలతో రాసి ఉంది: "అడుగు డి ఆలస్యంగా పలుకుతోంది. దయచేసి బాగుచేయండి." పుస్తకం ఎప్పుడూ బల్ల మీద కూర్చున్నవారిదే, లేచి వెళ్లినవారిది కాదు. ఈసారి ముందు ఆమెను అడిగాను. ఆలోచించే రాశానంది. జిల్‌కు ఫోను చేశాను. సరేనన్నాడు. పలక విప్పి, మర తీసి, పుస్తకంలో రాసి, సంతకం పెట్టాను. సాయంత్రం ఐనార్ గారింటికి వెళ్లి ఈ వార్త చెప్పడానికి మాటలు వెతుక్కుంటుంటే, ఆయన బీరువాలోంచి ఫెర్రీ రచన కొత్త ప్రతి తీసి చూపించారు. డి ముందు ఒక చిన్న విరామం గుర్తు చేరింది. "ఆమె పాదం ఆమెది," అన్నారు. "పైగా ఇప్పుడు ఏ ఊళ్లో అయినా, ఎవరైనా లేటుగా వాయించుకోవచ్చు."

దీని నుంచి నేను నేర్చుకున్నది పెద్దదేమీ కాదు. వస్తువులో కనిపించేది లోపమా కాదా అన్నది దాన్ని రోజూ వాడేవాళ్లు చెప్పాలి, పనిముట్ల పెట్టె పట్టుకుని ఏడాదికోసారి వచ్చేవాడు కాదు. అడిగాక చేసినా, అడగకుండా చేసినా, చేసింది రాసి పెట్టాలి. రాయకపోతే ఆ తప్పును ఎవరో ఒకరు తన ఒంట్లో వెతుక్కుంటారు.

ఒషావాలో మా ఇంటి ముందు తలుపు సగందాకా వచ్చి, ఆగి, ఆలోచించుకుని మూసుకుంటుంది. రిటైరైన వారానికి నూనె డబ్బా పట్టుకుని దాని దగ్గరికి వెళ్లాను. ముందు మా ఆవిణ్ణి అడిగాను. వద్దంది. డబ్బా లోపల పెట్టేసి, ఫ్రిజ్ మీది క్యాలెండరులో ఆ తేదీ దగ్గర రాసి పెట్టాను.